మామ్మకి తెలుగు డబ్బింగ్ దొరికింది

జపాన్ వాళ్ళ బొమ్మల కథల్ని, అదే యానిమేని, సబ్‌టైటిల్స్‌తో చూడాలా, డబ్బింగ్‌లో చూడాలా అని కుర్రాళ్ళు తెగ కొట్టుకుంటారు గానీ, ఇంగ్లీషు చదవడం రాని మామ్మ ఇంట్లో ఉంటే ఆ గొడవకి చోటే లేదు. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఉన్నది మూడో రకం. తెరమీద జపనీస్ మాటలు, కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు, మంచం మీద జంతికలు నములుతూ వాటిని తెలుగులో చెప్పే మా తమ్ముడు చంటిగాడు.

మామ్మకి జపాన్ వాళ్ళంటే గురి ఊరికే కుదరలేదు. వాళ్ళూ మనవాళ్ళూ కలిసి 1990ల మొదట్లో తీసిన రామాయణం యానిమే 2025 జనవరి 24న తెలుగులో కూడా థియేటర్లకి వచ్చింది. అది చూసొచ్చినప్పటి నుంచి, రాముణ్ణి అంత అందంగా గీసినోళ్ళు ఏది గీసినా మంచిదే అయ్యుంటుందని ఆవిడ నమ్మకం. చంటిగాడేమో "డీమన్ స్లేయర్" అనే రాక్షసుల వేట సీరియల్ పెట్టాడు.

తెలుగులో పెట్టమంటే, "ఉంటే పెట్టనా మామ్మా" అంటాడు. వాడి మాటా నిజమే. షించాన్, డోరేమాన్ టీవీలో చక్కగా తెలుగు మాట్లాడి ఓ తరం పిల్లల్ని పెంచేశాయి గానీ ఈ పెద్దపిల్లల యానిమేల సంగతి వేరు. జపాన్‌లో ఎపిసోడ్ వచ్చిన కాసేపటికే ఇక్కడ సబ్‌టైటిల్స్‌తో పెట్టేస్తారు, డబ్బింగేమో వారాల తర్వాత, అదీ ముందు ఇంగ్లీషు. హక్కులు దేశానికో లెక్క, భాషకో లెక్క. పెదాల కదలికకి సరిపడేలా మాటలు రాయించాలి, గొంతులు వెతకాలి, స్టూడియో అద్దె కట్టాలి, కాబట్టి బాగా ఆడినవాటికే తెలుగు యోగం పడుతుంది. మిగతావాటికి చంటిగాడే దిక్కు.

ఆ "డీమన్ స్లేయర్"లో మొదటి ఎపిసోడ్‌లోనే హీరో తల్లీ, ఆమె పిల్లల్లో నలుగురూ చచ్చిపోతారు. ఆ నిజం చెబితే మామ్మ ఏడ్చి బీపీ తెచ్చుకుంటుందని, అమ్మమ్మగారి ఊరెళ్ళారని చెప్పేశాడు. "మరి ఆ రగతం ఏట్రా?" అంటే మంచులో కుంకుమ భరిణె ఒలికిందన్నాడు. రాక్షసిగా మారిన చెల్లెలి నోట్లో వెదురు ముక్క ఎందుకంటే, అన్న పెళ్ళి కుదిరేదాకా మౌనవ్రతం. టోపీ పెట్టుకున్న ముజాన్, అసలు ఆ రాక్షసుల నాయకుడు, వీడి కథలో మాత్రం వాళ్ళతో పొలం తగాదా ఉన్న దాయాది. వాడు నిజం చెప్పింది ఒక్కటే, ఎండ తగిలితే రాక్షసులు బూడిదైపోతారని. దానికి మామ్మ "అంతా అరసవల్లి సూర్యనారాయణమూర్తి మహిమరా!" అని టీవీకి దణ్ణం పెట్టింది. అక్కణ్ణించి కథ మీద ఎంత భక్తి కుదిరిందంటే, ఎపిసోడ్ మొదలవగానే "ఆ బుల్లిగుంటడు ఊర్నించి వచ్చీసినాడేట్రా?" అని అడిగేది. దసరా సెలవులకి వస్తాడనేవాడు వీడు.

ఇలా నడుస్తుండగా ఆ సీరియల్ సినిమా వచ్చింది, "ఇన్ఫినిటీ కాజిల్". జపాన్‌లో 2025 జూలై 18న, ఇక్కడ సెప్టెంబరు 12న, అదీ జపనీస్, ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు అన్నిట్లోనూ ఒకేసారి. అసలు మజా జపనీస్ గొంతుల్లోనే ఉంది, జపనీస్ ఆట కోసం విశాఖ వెళ్దామని చంటిగాడు శతవిధాల పోరాడాడు. మేమంతా అది కళాభిమానం అనుకున్నాం. మామ్మ మాత్రం తెలుగు ఆటకే, పట్టుచీర కట్టుకుని మరీ బయల్దేరింది, పెళ్ళి కుదిరే భాగం ఇదేనేమోనని.

హాల్లో తెర మీద అందరూ గడగడా తెలుగు మాట్లాడేస్తుంటే చంటిగాడు సీట్లోకి జారిపోయి కూర్చున్నాడు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తరు. ఎవరి నోట విన్నా పగ, చావు, రాక్షసులే. మామ్మకి అనుమానం వచ్చి, పక్క సీట్లో ఉన్న ఇంటర్ కుర్రాణ్ణి అడిగింది, "బాబూ, ఈళ్ళ తమ్ముడు ఉండాలి, బుల్లిగుంటడు, ఆడేడీ?"

ఆ కుర్రాడు పాప్‌కార్న్ నోట్లో పెట్టుకుని, "మొదట్లోనే పోయాడు కదా మామ్మా. వాళ్ళమ్మతో కలిపి ఐదుగురు" అన్నాడు.

ఆ రెండున్నర గంటల్లో మిగిలినదంతా మామ్మ తెరకేసి చూడలేదు, చంటిగాడి కేసే చూసింది.

ఇంటికొచ్చాక గుమ్మంలో కాలు పెట్టనివ్వలేదు, తను పెట్టలేదు. చుట్టూ తిరిగి పెరట్లోకెళ్ళి, గంగాళం దగ్గర నిలబడి, పట్టుచీర మీదే నెత్తిన నీళ్ళు పోసుకుని, "రా" అని వీణ్ణి పిలిచింది. రాత్రి పదిన్నర, బయట సన్నగా జల్లు.

"జపానోళ్ళు పోతే మనకి మైలేంటే మామ్మా!"

"మైలకి ఒక చెంబురా. ఇన్నాళ్ళూ దాసినావు సూడు, మిగతా గంగాళం దానికి."