సీఓపీ గారికి వంటింటి నుంచి

మహారాజశ్రీ సీఓపీ గారికి,

ఫ్రిజ్ లోపలి నుంచి తోడేసిన వేడిని, అందుకు తాగిన కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె మీరు. ఆస్తి అంతే, దర్జా మాత్రం జమీందారుది! బస్సులోని డీజిల్ ఇంజను నూటికి నలభై తెచ్చుకుంటే శభాష్ అంటారు. మీరేమో మూడు, నాలుగు అంటూ నూటికి మూడు వందలు, నాలుగు వందలు వేసుకుంటారు. ‘సామర్థ్యం’ అంటే నవ్వుతారని కాబోలు, ‘పనితీరు గుణకం’ (ఇంగ్లీషులో కోఎఫిషియెంట్ ఆఫ్ పెర్ఫార్మెన్స్, పొట్టిగా సీఓపీ) అని పేరు మార్చుకున్నారు.

మీ గుట్టు నాకు తెలుసు. మీ యంత్రం చల్లదనాన్ని తయారు చేయదు, వేడిని మోస్తుంది. రూపాయి కూలికి మూడు బస్తాలు మేడ మీదికి చేర్చిన హమాలీని వడ్లు పండించాడని ఎవరూ పొగడరు కదా. మెట్లు పెరిగితే కూలి పెరుగుతుంది; మీ మెట్లంటే లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా. 1824లో సాది కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు వేసిన పునాది మీద మీ హద్దు తేలిపోయింది: చల్లటి వైపు ఉష్ణోగ్రతను కెల్విన్‌లో (అంటే మామూలు డిగ్రీలకు 273 కలిపి) తీసుకుని, రెండు వైపుల తేడాతో భాగించడమే. లోపల 4 డిగ్రీలు, వంటింట్లో 25 ఉంటే 13. వంటింట్లో 40 అయితే 7.7కి దిగిపోతారు. అదీ కాగితం మీద. అసలు ఫ్రిజ్ ఆ దరిదాపులకు రాదు. వేడిని వదలాలంటే వెనక గొట్టాలు గది కంటే వేడెక్కాలి, లోపలి గొట్టాలు పాల గిన్నె కంటే చల్లబడాలి. అంటే రెండు వైపులా మెట్లు అదనం. మా ఫ్రిజ్‌ను గోడకూ బియ్యం డ్రమ్ముకూ మధ్య ఇరికించాం. పక్కన చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టె గుర్తొస్తుంది.

నిరుడు మే నెలలో ఉక్క తట్టుకోలేక దాని తలుపు బార్లా తెరిచి, ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. ముఖానికి చల్లగా, వీపుకు వేడిగా ఒక అరగంట గడిచింది. తర్వాత వంటిల్లంతా ఇంకాస్త ఉడికింది. లోపల తీసిన వేడీ, మింగిన కరెంటూ కలిసి గదిలోనే పడ్డాయి మరి! ఆ కరెంటు వాటానే లాభంగా రాసుకుని, బయటి వేడిని ఇంట్లోకి మోసే హీట్ పంపు వేషంలో మీరు సరిగ్గా ఒకటి ఎక్కువ చూపిస్తారు. హమాలీ కూలి డబ్బులు కూడా మేడ మీద సరుకులోనే కలిపేసినట్టు.

టొరంటోలో ఉన్న మా తమ్ముడు ఇంటికి హీట్ పంపు పెట్టించుకుని ‘మూడున్నర అన్నయ్యా’ అన్నాడు. బయట ఎంత చలి ఉన్నప్పుడు కొలిచారురా అన్నాను. కాగితం వెతికి చూస్తే 8.3 డిగ్రీలు. అప్పుడు వాళ్ల కిటికీ బయట మైనస్ పదిహేను. తర్వాత పిల్లల చదువుల సంగతి మాట్లాడుకున్నాం.

కాబట్టి అయ్యా, మీ మీద నాకు కోపం లేదు, మీ ఒంటరి ప్రయాణాల మీదే. ఇకపై మా వీధికి వచ్చేటప్పుడు లోపలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత వెంటబెట్టుకుని రండి. ఇంటిపేరు చెప్పని చుట్టానికి మా ఇంట్లో మంచినీళ్లే ఇస్తాం.

ఇట్లు,
కరెంటు బిల్లు కట్టేవాడు

తా.క.: పొగలు కక్కే సాంబారు గిన్నెను లోపల పెట్టింది నేను కాదు.