మరి అసలు మేజర్ ఏంటమ్మా?

రాత్రి పదకొండున్నర అయింది. ఇంకా చీర కూడా మార్చుకోలేదు. మజ్జిగ తాగినా కడుపుమంట తగ్గలేదు, అందుకే ఇక్కడికొచ్చి కక్కేస్తున్నా.

జరిగింది చిన్న విషయమే. ఇవాళ మా అమ్మాయికి యూత్ ఆర్కెస్ట్రాలో ఆఖరి కచేరీ. ఆరేళ్లు వయోలా వాయించింది. వయోలా అండీ, వయొలిన్ కాదు. దానికంటే కాస్త పెద్దది, గొంతు మంద్రంగా ఉంటుంది. ఆరేళ్లుగా ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. "అదే లేమ్మా, ఫిడేలే కదా" అంటారు. అదే కాదు! మన బాలమురళిగారు కూడా వయోలా వాయించేవారు. ఆయన పేరు చెప్తే చేతులు జోడిస్తారు, ఈ సంగతి మాత్రం ఎవరికీ తెలీదు.

ప్రోగ్రాం పుస్తకం చివర హైస్కూల్ అయిపోయి వెళ్లిపోతున్న పిల్లల పేజీలుంటాయి. ఫొటో, దాని కింద నాలుగు లైన్లు. ఎన్నేళ్లున్నారు, బయట ఏం చేస్తుంటారు, ఇకపైన ఏం చేయబోతున్నారు. ఆ నాలుగు లైన్లకి మా అమ్మాయి మూడు రోజులు కొట్టుకుంది. శనివారాలు వృద్ధాశ్రమంలో వాయిస్తుందనీ, మిడిల్ స్కూల్ పిల్లలకి కమాను పట్టుకోవడం నేర్పుతుందనీ, ఆగస్టు నుంచి స్టేట్ యూనివర్సిటీలో మ్యూజిక్ ఎడ్యుకేషన్ చదువుతుందనీ రాసింది.

ఇంటర్వెల్‌లో మా ఊరి తెలుగు పెద్దమనిషి ఒకాయన, నేను నోరారా అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, ఆ లైన్ల మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదివారు. చదివి నవ్వుతూ, "బాగుందమ్మా. మరి అసలు మేజర్ ఏంటి?" అన్నారు. మేజర్ అంటే ఇక్కడ అమెరికా కాలేజీల్లో ముఖ్యంగా తీసుకుని చదివే సబ్జెక్టు.

అసలు మేజర్! అంటే ఇది డూప్లికేటా?

ఫిబ్రవరిలో ఆ పిల్ల ముగ్గురు ప్రొఫెసర్ల ఎదురుగా నిలబడి స్టామిట్జ్ అనే ఆయన వయోలా కోసం రాసిన కంచెర్టో, బాక్ సంగీతం, స్కేల్స్ (మన సరళీ స్వరాల్లాంటివి) వాయించి సీటు తెచ్చుకుంది. చేరాక వయోలా ఒక్కటే సరిపోదు. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్స్, అన్నీ కాస్తో కూస్తో పట్టాలి, ఎందుకంటే రేపు బడిలో పిల్లలకి అవన్నీ నేర్పాలి. ఒక సెమిస్టరంతా స్కూల్లో నిలబడి పాఠం చెప్పాలి, ఆ తర్వాత టీచర్ లైసెన్స్. అన్నయ్యగారూ, మీవాడు కంప్యూటర్ సైన్స్ సీటు కోసం ఎవరి ముందు నిలబడి చేతులు వణక్కుండా కోడ్ రాసి చూపించాడో కాస్త చెప్తారా?

ఆ మీవాడి సంగతి కూడా చెప్పుకుందాం. ఆరో ఏట వయొలిన్‌లో వేశారు. ప్రతి ఆదివారం మాతోపాటే పార్కింగ్ లాట్‌లో మూడు గంటలు హీటర్ వేసుకుని కూర్చున్నారు. కాలేజీ అప్లికేషన్లు వెళ్లిపోయిన మర్నెల, జనవరిలో, వాడి కుర్చీ ఖాళీ. "పని అయిపోయింది కదమ్మా" అన్నారు. వాడొక్కడేనా? జనవరి వచ్చిందంటే సెకండ్ వయొలిన్ వెనక వరసలు పండక్కి ఊరెళ్లిపోయిన హైదరాబాద్‌లా ఉంటాయి.

మా పిల్ల మెడ మీద ఎడమ పక్కన నల్లటి మచ్చ పడింది. రోజూ మూడు గంటలు వాయిద్యం ఒరుసుకున్న చోటు. దానికి శనగపిండి పసుపు పట్టించమని ఇప్పటికి ఇద్దరు ఆంటీలు సలహా ఇచ్చారు. ఎలా వచ్చిందని అడిగినవాళ్లు సున్నా.

ఇంటర్వెల్ తర్వాత చెక్ సంగీతకర్త డ్వోరాక్ రాసిన 9వ సింఫనీ. 1893లో న్యూయార్క్‌లోనే మొదటిసారి వాయించారు దాన్ని. ఆ డ్వోరాక్ కూడా కుర్రతనంలో ప్రాగ్‌లో ఒక థియేటర్ ఆర్కెస్ట్రాలో వయోలా వాయించి పొట్టపోసుకున్నవాడే. వాళ్ల నాన్నకి పూటకూళ్ల ఇల్లు, మాంసం కొట్టు ఉండేవి. కొట్టు చూసుకోక ఇదేంట్రా అని అక్కడా ఎవరో అన్నయ్యగారు అడిగే ఉంటారు. రెండో భాగం చివర్లో అంతమందీ ఆగిపోయి, తీగల వాయిద్యాల వాళ్లు గుప్పెడు మందే ఆ పాటని ఆగి ఆగి, ఊపిరి బిగబట్టినట్టు పలికిస్తారు. ఆ గుప్పెడులో మా పిల్ల ఉంది. నేను వినాల్సింది అది. నా చెవుల్లో మోగింది మాత్రం "అసలు మేజర్ ఏంటి".

సరే, పరాయివాళ్లు అన్నారు, పోనీ. గోరుచుట్టు మీద రోకలి పోటు ఏంటంటే, ఆ మాటకి నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకుని, "డబుల్ మేజర్ ఆప్షన్ కూడా ఉందండీ, చూస్తున్నాం" అన్నారు. ఎవరండీ చూస్తున్నది? మా ఇంట్లో ఆ మాట ఏనాడైనా వచ్చిందా? అమ్మాయి అప్పుడే మంచినీళ్లకని వచ్చి పక్కనే నిలబడి ఉంది. వాళ్ల నాన్న మొహం వంక ఒకసారి చూసి, సీసా మూత బిగించుకుని స్టేజి వెనక్కి వెళ్లిపోయింది.

నాకీ మాటలు కొత్త కాదు. 1996, విజయవాడ. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఏడేళ్లు నేర్చుకున్న వయొలిన్‌ని మా నాన్న అటకెక్కించి, "ఇంటర్ రెండేళ్లు ఆపు తల్లీ, తర్వాత నిన్నెవరు ఆపుతారు" అన్నారు. మా పెదనాన్న అయితే ఇంకో మెట్టు పైకెళ్లి, "వర్ణాలు వచ్చాయిగా, పెళ్లిచూపులకి చాలు" అన్నారు. ఆయన మాటే నిజమైంది. 2003లో ఆ పెట్టె అటక మీంచి దిగింది సరిగ్గా పెళ్లిచూపుల రోజునే. తీగలు మార్పించి, మోహన వర్ణం సగం వాయించాను. చాలు చాలు అన్నారు. మళ్లీ అటక. 2009లో ఊరెళ్లినప్పుడు నేనే ఎక్కి దించాను. బిరడాలు ఊడిపోయి ఉన్నాయి, కమాను వెంట్రుకల్ని పురుగులు కొరికేశాయి, కమానుకి రుద్దే రోజిన్ ముక్క మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. మా అమ్మ వెనకనుంచి, "ఇంకా ఎందుకే అది, సామానుకి అడ్డం" అంది.

వాళ్లకి పెళ్లిచూపులు, వీళ్లకి కాలేజీ అప్లికేషన్. ఇంతే తేడా.

ఇంతకీ ఆ రోజు సగం వర్ణం విని, బ్రహ్మాండం అని తలూపి, నన్ను చేసుకున్న మనిషే ఇవాళ డబుల్ మేజర్ అన్నది. నా పోస్టులన్నిటికీ చదవకుండానే లైక్ కొడతారు. దీనికీ కొడతారు, చూస్తూ ఉండండి.