ప్రతి ఉపద్రవంలోనూ ఒక ద్రవం ఉంటుంది

మా ఆఫీసులో కొందరిని తీసేస్తున్నామని చెప్పడానికి పెట్టిన మీటింగులో మొదటి స్లైడు మీద రెండు చైనా అక్షరాలున్నాయి. ఎర్రటి రంగులో, కుంచెతో గీసినట్టు, గోడంత పెద్దవి. కంపెనీ పేరు చెప్పను, నా జీతం ఇంకా అక్కడి నుంచే వస్తోంది. సూటు వేసుకుని వచ్చిన ట్రైనర్ గారు రిమోటు నొక్కి, "ఫ్రెండ్స్, సంక్షోభాన్ని చైనీయులు వేయ్‌జీ అంటారు. వేయ్ అంటే ప్రమాదం. జీ అంటే..." అని ఆగి, అందరినీ ఒకసారి కలియజూసి, "అవకాశం!" అన్నారు. ముందు వరుస చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో ఎవరి పేరూ లిస్టులో లేదని తర్వాత తెలిసింది.

వెనక వరుసలో ఉన్న నేను మాత్రం నిజంగా కదిలిపోయాను. వేల ఏళ్ల నాగరికత, ఒక్క అక్షరంలో ఇంత ఓదార్పు పెట్టిందంటే మాటలా? ఇంటికెళ్లి ఆ జీ గారి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టాను. (హిందీలో జీ అంటేనే గారు, కాబట్టి జీ గారు అంటే రెండింతల మర్యాద. ఆయనకు ఆ మాత్రం ఇవ్వాల్సిందే, పాపం ఎంతమంది చేతుల్లో నలిగారో.)

ముందుగా తేలింది ఏమిటంటే, ఈ ప్రాచీన చైనా జ్ఞానం మనదాకా వచ్చింది అమెరికా నుంచి. 1959 ఏప్రిల్ 12న ఇండియానాపొలిస్‌లో, అప్పటికింకా సెనేటర్‌గానే ఉన్న జాన్ ఎఫ్. కెన్నెడీ ఒక ఉపన్యాసంలో ఈ ముక్క చెప్పాడు. అంతకుముందే 1938లో చైనాలోని క్రైస్తవ మిషనరీల పత్రిక ఒకటి ఇదే మాట రాసింది. కెన్నెడీ మీద ఓడిపోయిన నిక్సన్ కూడా దీన్ని వదల్లేదు, ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. 2007లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ నోబెల్ శాంతి బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో చైనాతో పాటు జపాన్‌ని కూడా కలుపుకున్నాడు. ఆ జపాన్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

దీని మీద అమెరికాలోనే పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చైనా భాష ప్రొఫెసర్ విక్టర్ మెయిర్ నెత్తీనోరూ కొట్టుకుని రాశాడు: జీ అంటే ఒంటరిగా అవకాశం కాదయ్యా, పక్కన 'కలయిక' అనే అర్థమున్న హ్వే చేరి జీహ్వే అయినప్పుడే అవకాశం అవుతుంది, వేయ్‌జీలో ఉన్న జీకి ఏదో మొదలయ్యే, మలుపు తిరిగే ఘడియ అని అర్థం, అది మంచికే తిరుగుతుందన్న హామీ ఏమీ లేదు అని. ట్రైనర్లు చదివినట్టు లేదు. చదివితే స్లైడు మార్చాలి కదా.

ఇది మనకు అర్థం కావడానికి చైనా దాకా పోనక్కర్లేదు. కీలకం అనే మాటకు సంస్కృతంలో చీల, మేకు అనే అర్థం. ఇప్పుడు కీలక ఘడియ అంటున్నాం, కీలక నిర్ణయం అంటున్నాం, అందులో మేకు ఎవరికీ గుచ్చుకోవడం లేదు. జీ కూడా అంతే, ఒక పనిముట్టు పేరు పోయి పోయి ఘడియ దాకా వచ్చింది. కానీ రేపు బీజింగ్‌లో ఒక ట్రైనర్ తెలుగులో 'ఉపద్రవం' అని స్లైడు మీద రాయించి, "మిత్రులారా, గోదావరి ఒడ్డున ఉండే ఈ జాతి, ప్రతి ఉపద్రవంలోనూ ఒక ద్రవం ఉంటుందని కనిపెట్టింది" అన్నాడనుకోండి, అక్కడా ముందు వరుస చప్పట్లు కొడుతుంది. పైగా అతను చెప్పింది పూర్తి అబద్ధమని కొట్టేయలేం కూడా. రెండు మాటలకీ ధాతువు ఒకటే, పరుగెత్తడం అనే అర్థమున్న 'ద్రు'. ఒకటి మన మీదికి పరుగెత్తుకొస్తుంది, ఇంకోటి గిన్నెలోంచి పరుగెత్తి పోతుంది. అంతమాత్రాన ఇల్లు కాలుతుంటే ఎవరూ గ్లాసు పట్టుకుని నిలబడరు. (వరద సంగతి వేరు, అందులో నిజంగానే ద్రవం ఉంటుంది.)

సరే, వేయ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు కూర్చిన నిఘంటువు ప్రకారం ఆ అక్షరానికి అర్థం 'ఎత్తున ఉండి భయపడటం'. మా మీటింగు పద్నాలుగో అంతస్తులో జరిగింది. ఈ ఒక్క విషయంలో ట్రైనర్ గారిని తప్పుపట్టను.

అసలు కథంతా జీలోనే ఉంది. పాత పద్ధతిలో రాస్తే దానికి 16 గీతలు. ఎడమవైపు చెట్టు గుర్తు, అంటే కర్ర సామాను అని సూచన, కుడివైపుది ఎలా పలకాలో చెప్పడానికి. నేత మగ్గానికి ఈ జీయే పేరు. చిన్నప్పుడు చదువు మీద శ్రద్ధ లేని కొడుకు మెన్షియస్ (తర్వాత పెద్ద తత్వవేత్త అయ్యాడు) ముందు వాళ్లమ్మ మగ్గం మీది గుడ్డను సగంలో కోసి పారేసిందని ఒక కథ, అక్కడి మగ్గం కూడా ఈ జీయే. కానీ షూ షెన్ దీనికి రాసిన అర్థం చూసి నేను కాసేపు నోట మాట రాక కూర్చున్నాను. 'వదిలేదాన్ని శాసించేది' అన్నాడు. అంటే క్రాస్‌బోలో నారిని పట్టి ఉంచి, వేలితో లాగితే బాణాన్ని వదిలే మీట. అచ్చంగా ట్రిగ్గర్. షియాన్ దగ్గర తవ్వకాల్లో బయటపడిన, పాతకాలపు చక్రవర్తి సమాధికి కాపలాగా పెట్టిన మట్టి సైనికుల గోతుల్లో అలాంటి కంచు మీటలు దొరికాయి, అరచేతిలో పట్టేంతవి.

కాబట్టి ట్రైనర్ గారు చెప్పింది తప్పు అని నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. జీలో అవకాశం ఉంది. మీట మీద వేలు ఎవరిదో వాళ్లకి. వేయ్ ఏమో మీటకు ఎదురుగా కూర్చున్నవాళ్లకి. ఒకే స్లైడు మీద రెండూ పక్కపక్కన పెట్టి, ఎవరికేది వస్తుందో చెప్పకపోవడమే ఆయన చేసిన చిన్న పొరపాటు.

ఇక ఈ జీ మర్మం ముందే తెలిసినవాడు ఒకడున్నాడు. చైనా తత్వవేత్త జ్వాంగ్‌త్సు పేరున ఉన్న పాత గ్రంథంలో ఒక ముసలి తోటమాలి కుండతో నీళ్లు మోసి పోస్తుంటాడు. కన్ఫ్యూషియస్ శిష్యుడు ఒకడు అటుగా వెళ్తూ, తాతా, ఏతం పెట్టుకో, ఒక్క రోజులో వంద మడులు తడపొచ్చు అని సలహా ఇస్తాడు. తాతకు కోపం వచ్చి, వెంటనే నవ్వి అంటాడు: జీ (ఇక్కడ యంత్రం అని) ఉన్న చోట జీ పనులుంటాయి, జీ పనులున్న చోట జీ మనసు ఉంటుంది. ఏతం సంగతి నాకు తెలియక కాదు, పెట్టుకోవడానికి సిగ్గేసి ఊరుకున్నాను. ఆటోమేషన్ గురించి మా కంపెనీ ఇచ్చిన ముప్ఫై ఆరు పేజీల పీడీఎఫ్‌లో ఇంత స్పష్టత లేదు.

ఇప్పుడు చైనాలో ఈ జీ లేకుండా రోజు గడవదు. విమానం అంటే ఎగిరే జీ, మొబైల్ అంటే చేతి జీ, వాషింగ్ మెషీన్‌లో జీ, విమానాశ్రయంలో జీ, డ్రైవర్‌లో జీ. జీగ్వాన్ అనే మాటకైతే దొంగ కోసం అమర్చిన రహస్యపు ఉచ్చు అనీ అర్థం, ప్రభుత్వ కార్యాలయం అనీ అర్థం. దీనికి నేను వ్యాఖ్యానం రాయను, మండలాఫీసులో ఒక్కసారి లైన్లో నిలబడ్డవాళ్లు ఎవరైనా రాయగలరు. ఇన్ని ఉండగా మాకు ఆ ఒక్క అవకాశం మాత్రమే ఎందుకు పంచారు? ప్రమాదంతో పాటు ఒక వాషింగ్ మెషీన్ ఇచ్చి ఉంటే లిస్టులో ఉన్నవాళ్లు కొంతైనా సంతోషించేవాళ్లు.

1956లో చైనా ప్రభుత్వం అక్షరాలను తేలిక చేసినప్పుడు జీని 16 గీతల నుంచి 6 గీతలకు దించారు. ఆ పదింటికి ఎవరూ ట్రైనర్‌ని పిలిచి ఉండరు. ఆ ఆరు గీతల అక్షరం అంతకుముందే ఒక చెట్టు పేరుగా ఉండేది, దాన్ని ఖాళీ చేయించి జీ గారిని అందులో కూర్చోబెట్టారు. హాంకాంగ్, తైవాన్ ఇంకా పాత 16 గీతల మీదే ఉన్నాయి.

ఇప్పుడు జపాన్. వాళ్లు సంక్షోభాన్ని పాత జీతోనే రాస్తారు. ఆ ఆరు గీతల అక్షరం వాళ్ల దగ్గరా ఉంది, రోజూ వాడతారు కూడా, కానీ వాళ్లు దాన్ని త్సుకుయే అని చదువుతారు. త్సుకుయే అంటే బల్ల. రాసుకునే బల్ల, ఆఫీసు బల్ల. మా స్లైడు మీద ఉన్నది ఆ ఆరు గీతలదే. టోక్యో నుంచి వచ్చినవాడు ఎవడైనా ఆ రోజు ఆ గదిలో ఉండి ఉంటే, గోడ మీద తాటికాయంత అక్షరాల్లో 'ప్రమాదం, బల్ల' అని చదువుకుని, వీళ్లు విషయం ఎంత సూటిగా చెప్పారు అనుకునేవాడు.

నా పక్క బల్ల ఖాళీ అయి మూడు వారాలు. కప్పు అడుగు ఆనవాలు గుండ్రంగా అలాగే ఉంది. మొన్న మళ్లీ మెయిల్ వచ్చింది, ఈసారి జపాన్ జీవనసూత్రాల మీద సెషన్ అట, అదే ట్రైనర్. వెంటనే పేరు ఇచ్చేశాను. ముందు వరుసే కావాలని రాశాను.