మూలలో మసకబారిన వరుడు

కొత్త లెన్స్ కొన్న మనిషి ముందు పిల్లల్ని ఫొటో తీస్తాడనుకోవడం అమాయకత్వం. ముందు హాల్లో క్యాలెండర్ తీసేసి గోడకు ఆదివారం పేపర్ అంటిస్తాడు, అదీ పెళ్లి సంబంధాల పేజీ. లెన్సులు పరీక్షించడానికి అమెరికా వైమానిక దళం 1951లో గీతల చార్టు ఒకటి ఖాయం చేసింది. మనకంత ఆర్భాటం దేనికి? అంత సన్నటి అక్షరాలు ఇంకెక్కడా దొరకవు.

నియమాలు కఠినం. ట్రైపాడ్ మీద పెట్టాక స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఆపాలి. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే జోరు, 100 దాటకూడదు. వేలు తగిలితే కెమెరా అదురుతుంది కాబట్టి టైమర్ పెట్టాలి. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ నడవకూడదు. పేపర్ రెపరెపలాడుతుందని ఫ్యాన్ కూడా ఆపేస్తారు. మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడం! సైన్సు కోసం చెమటోడ్చడమంటే ఇదే.

మా ఎదురింట్లో కెమెరాతో పాటే వచ్చిన కిట్ లెన్సుకీ, కొత్తగా కొన్న 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సుకీ పోటీ పెట్టారు (ఎఫ్ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది). 1.8 దగ్గర పేజీ నడుమనున్న వధువు ఎంటెక్ అని తేటగా తెలిసింది. కుడి మూలలోని వరుడి జీతం మాత్రం సాంబ్రాణి పొగలో ఉన్నట్టుంది. 5.6కి వచ్చేసరికి జీతం, గోత్రం, 'కట్నం పట్టింపు లేదు' అన్న మాట కూడా స్పష్టమయ్యాయి (ఆ మాట ఏ లెన్సుతో చూసినా నమ్మబుద్ధి కాదనుకోండి). 22కి బిగిస్తే డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలో దూరిన కాంతి చెదరడం) పుణ్యాన వధూవరులందరూ ఒకేలా మసకబారారు. ఎఫ్/8 దగ్గరైతే ఏ ఫొటో ఏ లెన్సుదో ఫైలు వివరాలు చూస్తేగానీ తెలియలేదు.

తీర్పు మాత్రం బిల్లును బట్టే. ఖరీదైనది గెలిస్తే లెన్స్ గొప్పది. ఓడితే పేపర్ వంకరగా ఉంది, ఫోకస్ ముందుకు పడింది. కెమెరా కాస్త పక్కకు తిరిగినా ఒక మూల మసకవుతుందన్నది నిజమే. గెలిచిన రోజు ఆ నిజం ఎవరికీ గుర్తు రాదు, అంతే.

అప్పటికీ తృప్తి లేనివాళ్లు మిట్టమధ్యాహ్నం మేడెక్కి గాలిగోపురానికి గురిపెడతారు. వేడిగాలికి శేషాచలం రాళ్లే ఊగుతున్నట్టు కనిపిస్తాయి. నింద లెన్సుకే. తెల్లారగట్ల తీయొచ్చుగా అంటారా? ఆ వేళకు లేచేవాళ్లు దర్శనానికే పోతారు.

ఎదురింటి పరీక్షలో లాభపడింది ఒక్క అత్తగారే. ల్యాప్‌టాప్‌లో వంద శాతం జూమ్ పెట్టించి, కళ్లజోడు లేకుండానే పేజీ అంతా చదివేసి, చిన్నకూతురికి మదనపల్లె సంబంధం ఒకటి చూసిపెట్టారు. ఫోన్ నంబరు మూలలో పడిందట. ఎఫ్/8లో ఇంకోసారి తీయమని అల్లుడి వెంటపడ్డారు.