సవరణ: పగటి రీడింగును బట్టి రాత్రి ఆక్సిజన్‌ను అంచనా వేయడం గురించి

సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) రోగుల గురించిన గత టపాలో "పగలు పల్స్ ఆక్సీమీటర్ (వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం) 93 శాతం, ఆపైన చూపిస్తే రాత్రి గురించి దిగులు అక్కర్లేదు" అని ఉంది. ఆ వాక్యాన్ని తొలగించాను. పగటి రీడింగు తక్కువగా ఉన్నవారికి రాత్రి పడిపోయే అవకాశం ఎక్కువన్న మాట నిజమే గాని, పగలు బాగున్నంత మాత్రాన రాత్రికి హామీ లేదు.

కారణం నిద్రలోనే ఉంది. కలలు ఎక్కువగా వచ్చే దశలో, ముఖ్యంగా తెల్లవారుజామున, పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఊపిరి భారమంతా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం) మీద పడుతుంది. ఉబ్బిన ఊపిరితిత్తుల వల్ల అప్పటికే చదునైపోయిన ఆ కండరం ఒంటరిగా ఆ పని చేయలేక శ్వాస పలచబడుతుంది. పగలే 90 శాతం దరిదాపుల్లో ఉన్నవారికి రక్తంలో ఆక్సిజన్ పీడనం కొద్దిగా తగ్గినా రీడింగు చాలా కిందికి జారుతుంది.

అందుకే అనుమానం ఉన్నవారికి రాత్రంతా వేలికి క్లిప్పు ఉంచి నమోదు చేసే పరీక్ష అవసరం. నమోదైన సమయంలో కనీసం 30 శాతం సేపు రీడింగు 90 శాతానికి దిగువన ఉంటే దాన్ని రాత్రి ఆక్సిజన్ లోపంగా చాలా అధ్యయనాలు లెక్కిస్తాయి. నమోదైన రీడింగుల గీత రంపపు పళ్లలా పదే పదే పడి లేస్తుంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగే సమస్య) కూడా ఉందేమో చూడాలి. గురక, పగటి నిద్రమత్తు ఉన్నవారు ఈ పరీక్షను అస్సలు వదిలేయకూడదు.

రాత్రి మాత్రమే పడిపోయేవారికి ఇంట్లో ఆక్సిజన్ తప్పనిసరి అని కూడా ఆ టపా అర్థం కాదు. ఇలాంటి సీఓపీడీ రోగులకు రాత్రి ఆక్సిజన్ ఇచ్చి చూసిన, 2020లో వెలువడిన ఐనాక్స్ అధ్యయనం, తగినంత మంది చేరక ముందే ఆగిపోవడంతో, లాభాన్ని గాని లాభం లేకపోవడాన్ని గాని తేల్చలేదు. పగలు కూడా ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 55 మి.మీ. (పాదరసం) మించనివారి సంగతి వేరు. వారికి దీర్ఘకాల ఆక్సిజన్ ఆయుష్షు పెంచుతుందని 1980, 1981 నాటి అధ్యయనాలే చూపించాయి.