మధ్యాహ్నం కచేరీ ఎవరికి ఉచితం?

లండన్‌లో లంచ్ టైంలో చర్చికి వెళ్లేవాళ్లంతా ప్రార్థనకే వెళ్లరు. నగరం నడిబొడ్డున ఉన్న పాత చర్చిల్లో చాలాచోట్ల మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఛాంబర్ మ్యూజిక్ (కొద్దిమంది కలిసి వాయించే పాశ్చాత్య సంగీతం) కచేరీలు జరుగుతుంటాయి. ముప్పావుగంట, మహా అయితే 50 నిమిషాలు. ఎక్కువచోట్ల టికెట్ ఉండదు. వాయించేవాళ్లలో చాలామంది రాయల్ అకాడమీ, రాయల్ కాలేజ్, గిల్డ్‌హాల్ లాంటి సంగీత విద్యాలయాల్లో చదువుతున్నవాళ్లు, లేదంటే చదువు ముగించి అప్పుడే బయటికొచ్చినవాళ్లు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్, పికడిల్లీలోని సెయింట్ జేమ్స్ చర్చిలకు ఈ కచేరీలతో ఏళ్లుగా పేరుంది.

కిందటి చలికాలం పనిమీద వెళ్లినప్పుడు అలాంటి ఓ చిన్న చర్చిలో ఎనిమిది మంది విద్యార్థులు జర్మన్ స్వరకర్త మెండెల్సన్ ఆక్టెట్ (ఎనిమిది వాయిద్యాల రచన) వాయించగా విన్నాను. నాలుగు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దవైన రెండు వియోలాలు, కూర్చుని కాళ్ల మధ్య పెట్టుకుని వాయించే రెండు చెల్లోలు. మెండెల్సన్ దీన్ని రాసింది 1825లో, 16 ఏళ్ల వయసులో. తనకు వయొలిన్ నేర్పిన ఎడ్వర్డ్ రీట్జ్‌కి పుట్టినరోజు కానుకగా ఇచ్చాడు. కుర్రాడు రాసింది కుర్రాళ్లు వాయిస్తుంటే ఆ దూకుడు వేరు. అరగంట పైచిలుకు సాగే రచన కాబట్టి లంచ్ టైంకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

అయితే వినేవాళ్లకి ఎంత ఉల్లాసమో, చర్చిలో దాన్ని వాయించేవాళ్లకి అంత టెన్షన్. రాతిగోడలు, ఎత్తైన కప్పు. స్వరం తీగను వదిలాక కూడా పైన తిరుగుతూనే ఉంటుంది. మూడో భాగమైన స్కెర్జోని మొదట్నుంచి చివరిదాకా బాగా తక్కువ శబ్దంతో, ఏ స్వరానికా స్వరం విడిగా వినబడేలా వాయించాలన్నది మెండెల్సన్ పెట్టిన షరతు. నాలుగో భాగమేమో రెండో చెల్లో అడుగు స్థాయిలో ఒంటరిగా పరుగు అందుకోవడంతో మొదలవుతుంది. శబ్దం మోగిపోయే చోట అది సంగీతంలా కాక, పక్క వీధిలో లారీ పోతున్నట్టు వినబడే ప్రమాదముంది. కాబట్టి కమాను పొట్టిగా లాగాలి. ఎంత పొట్టిగా? పొద్దున రిహార్సల్‌లో చర్చి ఖాళీగా ఉంటుంది. ఒంటిగంటకి ఉన్ని కోట్లు తొడుక్కున్న జనం వచ్చి బెంచీలు నింపితే ఆ కోట్లే సగం శబ్దాన్ని పీల్చేస్తాయి. పొద్దున వేసుకున్న లెక్క మధ్యాహ్నానికి పనికిరాదు. పైగా చలికి వేళ్లు బిగుసుకుంటాయి, శ్రుతి జారుతుంది. ఎదురుగా నిలబడి చేతులూపుతూ దారి చూపే కండక్టర్ ఉండడు. మొదటి వయొలిన్ అమ్మాయి ఊపిరి పీల్చిన తీరే మిగతా ఏడుగురికీ సంకేతం.

ఇవేవీ క్లాసు గదిలో నేర్పడం కుదరదు. మన కచేరీల్లో గాయకుడూ వయొలిన్ విద్వాంసుడూ వేదిక మీదే మొదటిసారి కలుసుకున్నా కచేరీ నడిచిపోతుంది. ఒకరు దారి తీస్తే ఇంకొకరు అందుకుంటారు. ఇక్కడ అరగంట సంగీతం కోసం ఎనిమిది మంది వారాల తరబడి కూర్చుని, ఎక్కడ ఎవరు తగ్గాలో, ఎవరు పైకి రావాలో పోట్లాడుకోవాలి. అంత చేసి వినేవాళ్లు లేకపోతే ఆ పోట్లాటకి తీర్పు చెప్పేదెవరు? యువ కళాకారులకి ఈ మధ్యాహ్నాలు ఎంత విలువైనవో చెప్పాలంటే ఇంతకుమించి అక్కర్లేదు.

నా పేచీ తలుపు దగ్గర కనిపించే ‘ఉచిత ప్రవేశం’ బోర్డుతో. ఉచితం శ్రోతకి. వాయించినవాళ్లకి ఇలాంటి చోట్ల దక్కేది దారిఖర్చులో, చిన్న మొత్తమో. ఒక్కోచోట అదీ ఉండదు. ‘అనుభవం వస్తుంది కదా’ అనేది అందరి నోటా సిద్ధంగా ఉండే జవాబు. ఆ మాట వయొలిన్ పిల్లలకే చెబుతారు, పియానో శ్రుతి చేయడానికి వచ్చినాయనకి ఎవరూ చెప్పరు.

ఈ సంప్రదాయానికి అంత పేరు తెచ్చిన కచేరీలు మాత్రం ఉచితం కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే వేళకి సెయింట్ మార్టిన్ చర్చికి కూతవేటు దూరంలోని నేషనల్ గ్యాలరీ అనే చిత్రకళా మ్యూజియం నుంచి బొమ్మలన్నీ తరలించేశారు. ఖాళీ గోడల మధ్య మధ్యాహ్నం కచేరీలు పెడదామని పియానిస్టు మైరా హెస్ అడిగితే గ్యాలరీ డైరెక్టర్ కెనెత్ క్లార్క్ సరేనన్నాడు. 1939 అక్టోబరు 10న మొదలై 1946 ఏప్రిల్ దాకా సోమవారం నుంచి శుక్రవారం వరకు సాగాయి. బాంబులు పడే రోజుల్లో నేలమాళిగలోకి మారాయే తప్ప ఆగలేదు. మొత్తం 1,698 కచేరీలు, 8,24,152 మంది శ్రోతలు. సగటున కచేరీకి 485 మంది. అక్కడి క్యాంటీన్‌లో అమ్మిన తేనె, కిస్‌మిస్ శాండ్‌విచ్‌లకీ పేరొచ్చింది. సంగీతం కోసం వచ్చారా శాండ్‌విచ్ కోసమా అని ఎవరూ ఆరా తీయలేదు.

టికెట్ ఒక షిల్లింగు. వాయించినవాళ్లకి, పేరున్నవాళ్లయినా కొత్తవాళ్లయినా, ఒకటే రేటు: ఐదు గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు). హెస్ మాత్రం తనకోసం ఏమీ తీసుకోలేదు. బాంబులు పడుతున్న నగరంలో సాధ్యమైన ఈ పద్ధతి ఇప్పుడు ఎందుకు కష్టమైందో నాకు అర్థం కాదు.

‘అయితే టికెట్ పెట్టమంటావా?’ అని అడగొచ్చు. వద్దు. నేను విన్న కచేరీలో చివరి బెంచీ మీద ఓ ముసలాయన రెండు సంచులు పక్కన పెట్టుకుని మొదటి భాగం సగంలోనే నిద్రపోయాడు. బయట చలి. ఆయన్ని ఎవరూ లేపలేదు. టికెట్ ఉంటే ఆయన లోపలికి వచ్చేవాడు కాదు. సెయింట్ మార్టిన్ చర్చికి నిలువ నీడలేనివాళ్లని ఆదుకునే అలవాటు మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచీ ఉంది. తలుపు తెరిచే ఉండాలి. వాయించినవాళ్ల ఫీజు మాత్రం చుట్టుపక్కల ఆఫీసులూ, విద్యాలయాలూ, చర్చీ కలిసి భరించాలి. భోజన విరామంలో వచ్చి సేదదీరేది ఆ ఆఫీసుల ఉద్యోగులే కదా.

మనకీ దీనికీ చుట్టరికం ఉంది. మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర్నుంచే ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ వయొలిన్ నేర్చుకున్నారు. జేమ్స్ గిబ్స్ కట్టిన సెయింట్ మార్టిన్ చర్చి నమూనాలోనే ఎగ్మోర్‌లో సెయింట్ ఆండ్రూస్ చర్చి 1821లో వెలిసింది. వాయిద్యం వచ్చింది, కట్టడం వచ్చింది, తర్వాత పుట్టిన ఈ లంచ్ టైం అలవాటు మాత్రం ఓడ ఎక్కలేదు. చెన్నై డిసెంబరు సీజన్లో మధ్యాహ్నం ఉచిత కచేరీలు యువ కళాకారులవే. వాటిల్లో చాలావరకు ఖాళీ కుర్చీలే. జనం సాయంత్రం పెద్దవాళ్లకోసం ఎదురుచూస్తూ క్యాంటీన్‌లో ఉంటారు. అవకాశం కోసం కళాకారులే డబ్బు ఎదురివ్వాల్సి వస్తోందన్న ఫిర్యాదూ పాతదే.

తేడా కళాకారుల్లో లేదు. లండన్ కచేరీ ఆఫీసు గడియారం చూసుకుని పుట్టింది, 50 నిమిషాలకి ముగుస్తుంది, శ్రోత సెలవు పెట్టక్కర్లేదు. చెన్నైలో ఆ మధ్యాహ్నం సాయంత్రానికి ముందున్న వెయిటింగ్ హాలు. మన ఊళ్లలో శ్రీరామనవమి పందిరి, త్యాగరాజ ఆరాధన గడిస్తే కుర్రాళ్లకి మళ్లీ వేదిక ఎప్పుడో తెలియదు. విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. అక్కడి విద్యార్థులు నెలకోసారి కలెక్టరాఫీసు దగ్గరో బస్టాండు పక్కనో భోజనాల వేళ 40 నిమిషాలు వాయిస్తే, పదో నెలకి ఆ టైంకి వచ్చి కూర్చునేవాళ్లు పుడతారని నా నమ్మకం. వాయించినవాళ్ల ఫీజు కాక ఖర్చు మైకుకే, అదీ చిన్న హాలైతే అక్కర్లేదు.

ఆ రోజు కచేరీ ఒంటిగంటా యాభైకి ముగిసింది. తలుపు దగ్గర కార్డు ఆనించే మెషీన్, మీద ‘పైకప్పు మరమ్మతు నిధి’ అని కాగితం. ఐదు పౌండ్లు ఆనించాను. వెనకాలే రెండో చెల్లో కుర్రాడు పెట్టె వీపుకి తగిలించుకుని, శాండ్‌విచ్ తింటూ హడావిడిగా బయటికొచ్చాడు. చాలా బాగా వాయించారంటే థాంక్స్ చెప్పి బస్సు టైం చూసుకున్నాడు. నాలుగింటికి ఎక్కడో పిల్లలకి పాఠం చెప్పాలట, ఇంటద్దె వచ్చేది అక్కణ్నుంచేనట.