సవరణ: ఎక్సెల్ రిబ్బన్ వచ్చాక పాత కీలు

ఎక్సెల్ 2007లో మెనూలు తీసేసి రిబ్బన్ (బటన్లను ట్యాబుల వారీగా చూపే పై పట్టీ) పెట్టడంతో, 2003 వాడినవాళ్ల కీబోర్డు అలవాట్లన్నీ మూలపడ్డాయని పోయిన పోస్టులో ఉంది. అందులో ‘అన్నీ’ తీసేసి చదువుకోండి.

మెనూలు పోయినా వాటి ఆల్ట్ కీలు చాలావరకు మిగిలాయి. ఫార్ములా లేకుండా విలువ మాత్రమే అతికించాలంటే 2003లో ఆల్ట్+ఈ, ఆపైన ఎస్, వి, ఎంటర్. రిబ్బన్ ఉన్న విండోస్ ఎక్సెల్‌లోనూ అంతే. ఆల్ట్+ఈ నొక్కగానే పైన చిన్న పెట్టె వచ్చి, పాత వెర్షన్ కీలు కొనసాగించమంటుంది. ఎడిట్ మెనూ లేదు, దాని తాళంచెవి మాత్రం ఉంది! కంట్రోల్+సి లాంటివి ఎలాగూ మారలేదు.

కాబట్టి దెబ్బ ఎక్కువగా పడింది మౌస్‌తో పనిచేసేవాళ్ల మీద. ఏ బటన్ ఎక్కడుందో చూడకుండానే నొక్కేవాళ్లు మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. పైగా 2007లో రిబ్బన్ ట్యాబులను సెట్టింగుల్లో మనకు నచ్చినట్టు సర్దుకునే వీలు లేదు; కావలసిన బటన్లు పెట్టుకునే చిన్న పట్టీ, క్విక్ యాక్సెస్ టూల్‌బారే దిక్కు. ఆ వీలు 2010లో వచ్చింది. గుండ్రటి ఆఫీస్ బటన్ పోయి ‘ఫైల్’ తిరిగొచ్చిందీ అప్పుడే.

ఒక చిక్కుంది. ఆ పాత మెనూ అక్షరాలు ఇప్పుడు రిబ్బన్ మీద కనిపించవు. గుర్తున్నవాళ్లకు సరే, కొత్తవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాల్సిందే. పోస్టులో మిగతాదంతా యథాతథం.